పేరు స్విఫ్టే, బండే వేరు: తిరుపతి నుంచి సుజుకీకి ఒక బహిరంగ లేఖ

జపాన్‌లోని హమమత్సులో స్విఫ్ట్ కారు బొమ్మ గీసేవాళ్లకూ, ఢిల్లీ పక్కన కూర్చుని ఏ బండికి ఏ ఇంజిను పెట్టాలో తేల్చేవాళ్లకూ,

నమస్కారం.

మేం తిరుపతివాళ్లం. ఇద్దరు చిత్తూరు నుంచి, ఒకాయన పుత్తూరు నుంచి వచ్చి కలుస్తారు. మాకు బోర్డు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షుడూ కార్యదర్శీ లేరు. నెలకో ఆదివారం తెల్లవారుజామున జూపార్కు రోడ్డులో బండ్లు ఆపుకుని టీ తాగుతాం. అక్కడి నుంచి రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ దాకా పోయి, ఎండ ముదరకముందే ఇళ్లకు చేరి టిఫిన్ చేస్తాం. అంతే మా సంఘం. పదకొండు బండ్లు, పదకొండూ స్విఫ్టులే. 2006 నాటిది ఒకటుంది, 2022 నాటిది ఒకటుంది, మిగతావి ఆ మధ్యవి. నంబరు ప్లేటు చూస్తే బండి వయసు తెలిసిపోతుంది. పాతవాటికి ఏపీ 03, కొత్తవాటికి ఏపీ 39. చిత్తూరు జిల్లాకు 03 ఉండేది. 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే నంబరు చేశాక అది పోయింది. 03 ప్లేటు ఉన్నవాళ్లకు మా దగ్గర కాస్త టెక్కు ఎక్కువ. నాది 03.

2024 మే నెలలో మీరు నాలుగో తరం స్విఫ్ట్ తెచ్చినప్పటి నుంచీ మా టీ చల్లారిపోతోంది. మాట మొదలైతే గ్లాసు చేతిలో అలాగే ఉండిపోతుంది. వాట్సాప్ గ్రూపులోంచి ఒకడు అలిగి రెండుసార్లు వెళ్లిపోయాడు, రెండుసార్లూ బతిమాలి తెచ్చుకున్నాం. ఇలా మనలో మనం అరుచుకునే బదులు ఆ బండి చేసినవాళ్లకే రాద్దామని చివరికి అనుకున్నాం. నాది గాంధీ రోడ్డులో స్టేషనరీ షాపు. కాగితాలు నా దగ్గరే దొరుకుతాయి కాబట్టి రాసే పని నాకు అప్పజెప్పారు. రాసింది అందరికీ చదివి వినిపించాను. ఇద్దరు ఒప్పుకోలేదు. వాళ్ల మాట కూడా ఇందులో ఉంది.

ముందు ముఖం సంగతి చెప్పేసి పక్కన పెడతాను. ఎందుకంటే ముఖానికి ఎవరైనా అలవాటు పడతారు. 2011లో రెండో స్విఫ్ట్ వచ్చినప్పుడు ‘పాతదాన్నే పట్టుకుని సాగదీశారు’ అన్నాం. 2018లో మూడోది వచ్చినప్పుడు ‘ఏందిరా ఇది, నోరు తెరుచుకుని చూస్తా ఉంది’ అన్నాం. అన్నవాళ్లమే రెండూ కొన్నాం. ఇప్పుడు నాలుగోదాన్ని చూసి ఏమన్నామో రాస్తే మీరు నొచ్చుకుంటారు. ఒక్కటి మాత్రం చెప్పాలి. మూడో స్విఫ్టుకు వెనక చక్రాల మీద కండ ఉండేది. మా రంగంపేటలో కనుమ పండగకు పశువులను వదులుతారు. గుంపులో దూకబోయే ముందు కోడెగిత్త వెనక తొడ ఎలా బిగుసుకుంటుందో చూసినవాళ్లకు ఆ కండ అర్థమవుతుంది. నిలబడి ఉన్న బండి కూడా ఇప్పుడో ఇంకాసేపటికో ఉరుకుతుందేమో అనిపించేది. కొత్తదానికి నడుం చుట్టూ ఒకటే గీత తిప్పారు, బానెట్‌ను ట్రంకుపెట్టె మూతలా పక్కలకు కూడా దించారు. నీటుగా ఉంది, కాదనను. కానీ నీటుగా ఉండే బండ్లు మీ దగ్గర వేరే చాలా ఉన్నాయి.

వెనక తలుపు పిడిని మళ్లీ తలుపు మీదకే తెచ్చినందుకు మాత్రం మా ఇంటి ఆడవాళ్ల తరఫున, పిల్లల తరఫున దండం. 2018లో దాన్ని కిటికీ పక్కన స్తంభంలో దాచిపెట్టారు. చూడ్డానికి రెండు తలుపుల బండిలా ఉండాలని మీ ఆలోచన. మా అక్క కొడుక్కి అది అందేది కాదు. మా అత్త ఎప్పుడు ఎక్కినా తలుపు పక్కన నిలబడి ‘దీన్ని యాడ పట్టుకోవాల నాయనా’ అని అడిగేది. ఆరేళ్ల పాటు ప్రతి పెళ్లికీ, ప్రతి పేరంటానికీ దిగి వెళ్లి తలుపు తీసినవాళ్లు మా గుంపులో ఉన్నారు. అయినా ఆ బండి మీద కోపం రాలేదు. స్టైలు కోసం పడే కష్టం వేరు. ఒక స్పోర్టీ బండి నుంచి ఆ మాత్రం ఇబ్బంది మేం ఆశిస్తాం కూడా.

కాబట్టి ఈ లేఖ ముఖం గురించి కాదు, బానెట్ కింద ఉన్నదాని గురించి.

2005లో మొదటి స్విఫ్ట్ మన దేశానికి వచ్చినప్పుడు అందులో 1.3 లీటర్ల పెట్రోలు ఇంజిను. తర్వాత 1.2 అయింది. 2007లో డీజిల్ వచ్చింది, 2020లో బీఎస్6 పొగ నిబంధనలతో పోయింది. ఇంజిన్లు మారాయి, పేర్లు మారాయి. ఒక్కటే మారలేదు. పెట్రోలైనా డీజిలైనా 19 ఏళ్ల పాటు మీరు ఇక్కడ అమ్మిన ప్రతి స్విఫ్టులో నాలుగు సిలిండర్లు, అంటే ఇంధనం మండే గదులు నాలుగు, ఉన్నాయి. 2024లో ఒకటి తీసేశారు. ఇంజిను బలం 90 పీఎస్ ఉన్నది 82 అయింది.

దీనికి మీ జవాబు మాకు తెలుసు. మైలేజీ. మాన్యువల్ గేర్ల బండికి లీటరుకు 24.80 కిలోమీటర్లు, ఆటో గేరుకు 25.75. సిలిండరు ఒకటి తగ్గితే రాపిడి తగ్గుతుంది, రాపిడి తగ్గితే పెట్రోలు మిగులుతుంది. పైగా కంపెనీ అమ్మే బండ్లన్నిటి సగటు మీద ప్రభుత్వం పెట్టిన ఇంధన పరిమితి ఒకటుంది. స్విఫ్ట్ లాంటి లక్షల్లో అమ్ముడుపోయే బండి కాస్త తక్కువ తాగితే ఆ సగటు మీకు అనుకూలంగా జరుగుతుంది. ఇదంతా న్యాయమే. మేం కూడా సాధువులం కాదు. కొత్త బండి చూడగానే మా నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న ‘లీటరుకు ఎంతిస్తుంది’ అనే. బండి రంగు కూడా తర్వాతే.

మరి మూడు సిలిండర్లంటే మాకు చిన్నచూపా? కానే కాదు. మారుతి 800కు ఉన్నవి మూడే. 796 సీసీ. మా నాయన సెకండ్ హ్యాండులో కొన్న తెల్ల 800లో మేం అయిదుగురం, ఒక గంపెడు పులిహోర, మా అవ్వ నీళ్ల చెంబుతో సహా కొండకు పోయేవాళ్లం. ఆ బండి ఏడ్చుకుంటూనో, దగ్గుకుంటూనో ఎక్కేది గానీ ఏనాడూ మధ్యలో దించలేదు. మూడు సిలిండర్ల మీద మాకున్న గౌరవం మీకున్న దానికంటే పాతది.

మా గుంపులో మృదంగం నేర్చుకున్నవాడు ఒకడున్నాడు. వాడు చెప్పిన లెక్క నాకు నచ్చింది. ఇంజిను రెండు చుట్లు తిరిగితే ప్రతి సిలిండరూ ఒక్కసారి మండుతుంది. నాలుగు సిలిండర్లయితే రెండు చుట్లలో నాలుగు దెబ్బలు, మూడయితే మూడు. ఎడం సమానంగానే ఉంటుంది కాబట్టి తాళం తప్పదు. నాలుగు దెబ్బల చతురస్రం పోయి మూడు దెబ్బల తిస్రం వస్తుంది, అంతే, నడక మారుతుంది. తిస్రంలో గొప్ప పాటలు లేవా? ఉన్నాయి. ‘కానీ పాటకు ఒక నడక కుదిరాక, పల్లవి అదే ఉంచి నడక మార్చేస్తే వినేవాడికి తెలియదా’ అన్నాడు వాడు. అదీగాక మూడు సిలిండర్ల ఇంజినులో రెండు కొసల్లో ఉన్న పిస్టన్లు ఒకటి పైకి పోతుంటే ఒకటి కిందకు దిగుతూ ఇంజిన్ను ఆ కొస నుంచి ఈ కొసకు ఊపుతుంటాయి. తూగుటుయ్యాల లాగా. మౌంటింగులు బాగా పెట్టి ఆ ఊపు బండిలోకి రాకుండా చాలా వరకు ఆపవచ్చు, మీరు ఆపారు కూడా. స్టీరింగ్ మీద చెయ్యి వేసి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పాత స్విఫ్ట్ తోలిన చేతికి మాత్రం తేడా తెలుస్తుంది. ఇది రిపేరు కాదు, లోపమూ కాదు, సర్వీసింగుకు తీసుకుపోయి చెప్పుకునేదీ కాదు. బండి స్వభావం మారింది.

ఇక్కడ మా గుంపులో చిన్నవాడు, ఇంజినీరింగ్ చదివినవాడు, అడ్డం తగిలాడు. ‘అన్నా, 2018 స్విఫ్టుకు ఉన్నది 83 పీఎస్సే గదా. 90 అయింది 2021లో. ఇప్పుడు 82. మూడేళ్ల ముచ్చటకు ఇంత ఏడుపెందుకు?’ వాడు చెప్పింది నిజమే. అంకెలు చూస్తే మేం కొంచెం ఎక్కువే ఏడుస్తున్నాం. టార్కు, అంటే లాగే శక్తి, కూడా 113 ఎన్ఎం నుంచి 112కు, అంటే ఉన్నచోటే ఉన్నట్టు లెక్క. పల్లం రోడ్డు మీద, ఊళ్లో, కపిలతీర్థం నుంచి బస్టాండు దాకా తోలేవాడికి కొత్త బండి చురుగ్గానే ఉంటుంది. మా వాదన అంకెల మీద నిలబడదని నేనూ ఒప్పుకుంటాను.

కానీ మా వాదనను నిలబెట్టే అంకె ఒకటి మీ షోరూములోనే ఉంది. స్విఫ్టులోంచి తీసేసిన ఆ నాలుగు సిలిండర్ల 90 పీఎస్ ఇంజిన్ను మీరు పారేయలేదు. బలేనోలో ఉంది. వ్యాగనార్ 1.2లో కూడా ఉంది.

ఈ సంగతి బయటపడిన ఆదివారం నాకు బాగా గుర్తు. ఎవరూ మాట్లాడలేదు. పుత్తూరు పెద్దాయన గ్లాసు కింద పెట్టి, ‘అంటే మా వియ్యంకుడి వ్యాగనార్ నా మనవడు కొనబోయే స్విఫ్టు కంటే బలమైందా?’ అన్నాడు. వియ్యంకుడంటే ఆయనకు మొదటి నుంచీ పడదు, అది వేరే కథ. కానీ ప్రశ్న సరైనదే. వ్యాగనార్ మంచి బండి. తలపాగా పెట్టుకున్నవాడు కూడా తల వంచకుండా కూర్చోవచ్చు, నాలుగు బియ్యం మూటలు డిక్కీలో వేసుకోవచ్చు. కుటుంబం కోసం చేసిన బండికి నాలుగు సిలిండర్లు ఉంచి, తోలేవాడి కోసం చేశామని మీరే 19 ఏళ్లు చెప్పుకున్న బండికి మూడు పెట్టారు. ఈ లెక్క ఏ బళ్లో నేర్చుకున్నారో చెప్తే మేమూ చేరతాం.

ఇలాంటిది మీరు చేయడం ఇది మొదటిసారి కాదు. అందుకే భయం. మాలో నలభై దాటినవాళ్లకు జెన్ గుర్తుంది. 1993లో వచ్చింది. గుండ్రంగా, నేలకు దగ్గరగా, చేతిలో ఇమిడేట్టు ఉండేది. 993 సీసీ అల్యూమినియం ఇంజిను. పెద్ద పవరేం కాదు, 50 చిల్లర. కానీ దాన్ని తోలినవాడు ఇప్పటికీ దాని గురించి చెప్పేటప్పుడు గేరు మార్చినట్టు చెయ్యి ఆడిస్తాడు, గమనించండి. 2006లో దాన్ని ఆపేశారు. అదే ఏడాది డిసెంబరులో జెన్ ఎస్టిలో అని ఒకటి తెచ్చారు. ఎత్తుగా, కోడిగుడ్డును నిలబెట్టినట్టు. జపాన్లో మీరు అప్పట్లో అమ్మిన ఎంఆర్ వ్యాగన్‌కు ఇక్కడి పేరు తగిలించారు. బండిగా అది చెడ్డదేం కాదు. మా పక్కింటి టీచరమ్మ పదేళ్లు తోలింది, ఒక్క మాట అనలేదు. కానీ జెన్ అనే మాట విని షోరూముకు వెళ్లినవాడు లోపల వేరే బండిని చూశాడు. కొన్నాళ్లకు ఆ పేరులోంచి జెన్ రాలిపోయింది, ఎస్టిలో మిగిలింది, తర్వాత అదీ పోయింది. పేరును మీరు చంపలేదు. పేరు మోయలేని బండి మీద దాన్ని పెట్టారు, అది జారి పడిపోయింది.

స్విఫ్ట్ అంత ఘోరంగా మారిందని మేం అనడం లేదు. ఎస్టిలోతో పోలిస్తే కొత్త స్విఫ్ట్ స్విఫ్టే. స్టీరింగ్ ఇంకా చెప్పిన మాట వింటుంది. మలుపులో బండి ఇంకా గుండ్రంగా తిరుగుతుంది, బరువు పక్కకు తూలదు. అది మిగిలింది కాబట్టే రాస్తున్నాం. అది కూడా పోయాక రాసి ప్రయోజనం ఏముంది?

ఇంతకూ ఈ తిరుపతివాళ్లకు స్పోర్టీ బండి ఎందుకని మీరు అడగవచ్చు. అడిగే హక్కు ఉంది. మాకు రేసు ట్రాక్ లేదు. ఉన్నది కొండ రోడ్డు. ఆ రోడ్డు మీద స్పీడుగా పోవడానికి లేదు. అలిపిరి టోల్‌గేట్ దగ్గర టైము వేసిన చీటీ ఇస్తారు. 28 నిమిషాల కంటే ముందు పైకి చేరితే జరిమానా. దిగేటప్పుడు 40 నిమిషాలు. ఎంత పెద్ద బండి తెచ్చినా, ఎంత తొందర ఉన్నా గోవిందా అనుకుంటూ అదే టైములో పోవాలి. మంచి రూలు. మేం ఎవరం దాన్ని దాటం, దాటినవాణ్ణి మా గుంపులోకి రానివ్వం.

అయినా, లేక అందుకేనేమో, కొండ రోడ్డు తెలిసినవాడికి బండి తెలిసినంతగా బెంగళూరు హైవే మీద 140లో పోయేవాడికి తెలియదు. ఎక్కే రోడ్డు మొదట్లో మెత్తగా ఉంటుంది. పైకి పోయేకొద్దీ మలుపులు బిగుసుకుంటాయి. ముందు బస్సు ఉంటుంది, బస్సు ముందు జీపు ఉంటుంది. ఏసీ వేసి ఉంటుంది, బండిలో అయిదుగురు ఉంటారు, వెనక సీట్లో ఒకరు గుండు చేయించుకోవాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. ఆ హెయిర్‌పిన్ మధ్యలో సెకండ్ గేర్లో, పదిహేను ఇరవై స్పీడులో, ఇంజిను కింద నుంచి లాగుతుందా, లేక ఫస్టు అడుగుతుందా అన్నది అంకెల్లో రాయరు. కాలికి తెలుస్తుంది. నాలుగు సిలిండర్ల పాత స్విఫ్ట్ అక్కడ గొణగకుండా లాగేది. ఎందుకు లాగేదో చెప్పడానికి మావాడి మృదంగం లెక్క సరిపోతుంది: రెండు చుట్లలో ఒక దెబ్బ ఎక్కువ. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ ఒక్క దెబ్బ విలువ తెలుస్తుంది.

దిగేటప్పుడు ఇంకో సంగతి. దిగే రోడ్డు పాతది, 1944 నాటిది, మలుపు మీద మలుపు. కొత్తగా వచ్చిన యాత్రికులు న్యూట్రల్లోనో, పెద్ద గేర్లోనో బ్రేకు మీద కాలు పెట్టి దిగుతారు. ఏడో మైలు ఆంజనేయస్వామి దగ్గరికి వచ్చేసరికి వాళ్ల బ్రేకులు కాలిన వాసన మనకు కొడుతుంది. మావాళ్లు సెకండ్ గేర్లో ఇంజిను పట్టులో దిగుతారు, బ్రేకు అవసరమైన చోటే తాకుతారు. పక్కన అవ్వాచారి కోన లోయ ఉంటుంది, చూడ్డానికి టైముంటుంది. మేం స్పోర్టీ అనేది దీన్నే. చేతికీ కాలికీ బండి జవాబు చెప్పడాన్ని. 28 నిమిషాల్లో ఎక్కినా, 40 నిమిషాల్లో దిగినా ఆ జవాబు వినపడుతూ ఉండాలి. మీ బ్రోషర్లలో స్పోర్టీ అంటే నల్ల గ్రిల్లు, ఎర్ర దారం కుట్టిన సీటు, పొగరంగు లైట్లు. మాకు వాటి మీద ద్వేషం లేదు. అవి రేణిగుంట రోడ్డులో యాక్సెసరీస్ షాపులో కూడా దొరుకుతాయి.

ఒప్పుకోని ఇద్దరి మాట రాస్తానన్నాను. ఒకాయన కొండకు టాక్సీ తోలతాడు, టాక్సీకి డిజైర్, సొంతానికి స్విఫ్ట్. ఆయన మాట కొట్టినట్టు ఉంటుంది. ‘మీరంతా నెలకోసారి తోలేవాళ్లు. నేను రోజుకు రెండు ట్రిప్పులు వేస్తా. లీటరుకు రెండు కిలోమీటర్లు ఎక్కువొస్తే నా కూతురి ఫీజులో ఒక నెల తేలతాది. మీకు పాట కావాల, నాకు పూట గడవాల.’ దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. నా బాధ ఆయనకు మైలేజీ బండి ఇచ్చారని కాదు. మైలేజీ కావాలనుకునేవాడికి మీరు 2024 సెప్టెంబరులో సీఎన్జీ స్విఫ్ట్ కూడా తెచ్చారు, కిలోకు 32.85 కిలోమీటర్లు. ఆయనకు రెండు దారులు ఇచ్చారు. మాకు ఒక్కటీ మిగల్చలేదు.

రెండో మనిషి చిత్తూరు నుంచి వచ్చే నర్సమ్మ. మా గుంపులో స్విఫ్ట్ అందరికంటే బాగా తోలేది ఆవిడే, ఇది మగవాళ్లు ఒప్పుకోరు గానీ నిజం. ఆవిడ అంటుంది: ‘ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్లకూ ఇచ్చినారు, బండి జారకుండా పట్టే ఈఎస్పీ కింది మోడల్లో కూడా ఉంది. మొగిలి ఘాట్లో లారీల కింద నలిగి ఆస్పత్రికి వచ్చేవాళ్లను చూసినదాన్ని నేను. ఒక సిలిండరు పోయి నాలుగు బ్యాగులు వచ్చినాయంటే నేను ఆ బేరానికి ఒప్పుకుంటా.’ ఆవిడ ముందు మేం నోరెత్తలేదు. ఆ విషయంలో మీకు పూర్తి మార్కులు, ఒక్కటి కూడా తగ్గించం. కానీ అమ్మా, అది బేరం కాదు కదా అని తర్వాత మెల్లగా అన్నాను. బ్యాగులు పెట్టడానికి సిలిండరు తీయాల్సిన పని లేదు. ఆవిడ నవ్వి, అయితే వెనక చక్రాలకు ఇంకా డ్రమ్ము బ్రేకులే ఎందుకో అది కూడా రాయమంది. రాశాను.

ఇప్పుడు మా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే పక్షపాతం అవుతుంది. 2017లో మీరు బలేనో ఆర్ఎస్ అని ఒకటి తెచ్చారు. ఒక లీటరు టర్బో (గాలిని ఒత్తి లోపలికి నెట్టే) ఇంజిను, 102 పీఎస్, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు. మేం అడిగినవన్నీ ఉన్నాయి. మా పదకొండు మందిలో ఎంతమంది కొన్నారో తెలుసా? ఒక్కరూ కొనలేదు. వెళ్లి చూశాం, తోలి చూశాం, ‘అబ్బా, బలే లాగతా ఉందప్పా’ అనుకుని బయటికొచ్చి టీ తాగి ఇంటికి పోయాం. రేటు ఎక్కువని ఒకడు, సర్వీసు ఎలా ఉంటుందోనని ఒకడు, పెళ్లి ఖర్చుందని ఒకడు. మూడేళ్లు తిరక్కుండా అది పోయింది. మీ మీటింగులో ఎవరో ఆ అమ్మకాల కాగితం ముందు పెట్టి ‘వీళ్లు నోటితో అడుగుతారు, చేత్తో కొనరు’ అని ఉంటారు. ఆ మాట అన్నవాణ్ణి నేను తిట్టలేను.

కానీ అప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది. అప్పుడు పక్కన స్విఫ్ట్ ఉంది. 90 పీఎస్ కాకపోయినా నాలుగు సిలిండర్లతో, మంచి స్టీరింగుతో, అందుబాటు ధరలో ఉంది. ఆర్ఎస్ లేకపోయినా మాకు గడిచింది. ఇప్పుడు ఆ గడిచే దారిని మూసేశారు.

మీరు జపాన్లోనూ ఇంకా చాలా దేశాల్లోనూ స్విఫ్ట్ స్పోర్ట్ అమ్మారు. మూడో తరం స్పోర్ట్ జపాన్లో 1.4 లీటర్ల టర్బో, 140 పీఎస్, ఆరు గేర్లు, బరువు టన్ను కూడా లేదు, 970 కిలోలు. ఒక్క తరం కూడా ఇక్కడికి రాలేదు. మన దేశంలోనే 30 లక్షల స్విఫ్టులు అమ్ముడయ్యాయని 2024 జూన్‌లో మీరే ప్రకటించారు. ముప్పై లక్షల మంది తలుపు తట్టిన ఇంటికి మంచి గది మాత్రం ఎప్పుడూ తాళమే. సరే, అది అడగడం మానేశాం. 1.4 లీటర్లంటే ఇక్కడ చిన్న కారు పన్ను దాటిపోతుంది, ధర పెరుగుతుంది, మాకూ తెలుసు.

మేం అడిగేది మీ దగ్గర ఇప్పటికే ఉన్నదాన్నే. ఫ్రాంక్స్‌లో ఒక లీటరు టర్బో ఇంజిను పెట్టారు. 998 సీసీ, 100 పీఎస్, 148 ఎన్ఎం టార్కు. అది కూడా మూడు సిలిండర్లదే. చూశారా, మా పేచీ మూడు మీద కాదు. ఆ ఇంజిను 1200 సీసీ లోపే, స్విఫ్ట్ పొడుగు 3860 మిల్లీమీటర్లు, అంటే నాలుగు మీటర్ల లోపే. పన్ను కూడా అడ్డం రాదు. 2025 సెప్టెంబరులో చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతానికి దిగింది కూడా. హ్యుందాయ్ వాళ్లు 2021 నుంచి ఐ20 ఎన్ లైన్‌లో ఒక లీటరు టర్బో పెట్టి 120 పీఎస్‌తో అమ్ముతున్నారు. ఫ్రాంక్స్ కొనేవాడు ఎత్తు సీటు కోసం కొంటాడు. ఆ టర్బో వాడికి బోనస్. మాకు అది భోజనం. ఆ ఇంజిను స్విఫ్టులో పెట్టండి, అయిదు గేర్ల మాన్యువల్ ఇవ్వండి, వెనక డిస్కులు బిగించండి. సన్‌రూఫ్ వద్దు. పెద్ద స్క్రీన్ వద్దు, ఫోను పెట్టుకునే స్టాండు చాలు. ఇంకా ధర దిగాలంటే అల్లాయ్ వీల్స్ కూడా మానేయండి, మేం రేణిగుంట రోడ్డులో చూసుకుంటాం.

అది కుదరదంటే ఇంకా తేలికైనది ఒకటుంది. వ్యాగనార్‌లో ఉన్న ఆ పాత నాలుగు సిలిండర్ల ఇంజిన్ను ఒక్క స్విఫ్ట్ మోడల్లోనైనా ఉంచండి. మైలేజీ తగ్గుతుందని బోర్డు పెట్టండి. సంతకం పెట్టి కొంటాం.

ఇదీ కుదరదంటే, తిస్రమే ఖాయమంటే, కనీసం పేరు మార్చండి. కొత్త బండికి కొత్త పేరు పెడితే మేం దాన్ని దాని పద్ధతిలో చూస్తాం, మెచ్చుకుంటాం కూడా. మంచి మైలేజీ, ఆరు ఎయిర్‌బ్యాగులు, ఊళ్లో చక్కగా తిరిగే చిన్న బండి. ఆ పేరుతో వచ్చి ఉంటే ఈ లేఖ ఉండేదే కాదు.

మాకు కార్ల గురించి ఏం తెలుసులే అని కొట్టిపారేయకండి. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు చేస్తుంది, చిన్నపాండూరులో అపోలో టైర్లు చేస్తుంది, శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు బండ్లే చేస్తున్నారు. మీ స్విఫ్ట్ పుట్టింది గుజరాత్‌లో అయినా దాని కాళ్లకో, గుండెకో మా జిల్లా సంబంధం ఎక్కడో ఉంటుంది. మా ఇళ్లలో పిల్లలు ఆ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసి వచ్చి రాత్రి భోజనాల దగ్గర టార్కు గురించి మాట్లాడుకుంటారు. ఆడవాళ్లు విసుక్కుంటారు గానీ, ఎంఆర్ వ్యాగన్ ఏదో ఎస్టిలో ఏదో మా ఆవిడకు కూడా తెలుసు.

మా వైపు కొత్త బండి కొంటే మొదట కాణిపాకం తీసుకుపోతాం. వినాయకుడి గుడి ముందు నిలబెట్టి, బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. 2012లో నా స్విఫ్టుకు అలాగే చేశాం. మా నాయనే తోలాడు. నిమ్మకాయలు చితికిన చప్పుడు విని, ‘ఈ బండి మనల్ని మోయడానికి రాలేదు, ఉరకడానికి వచ్చింది, జాగ్రత్త’ అన్నాడు. 800 తోలిన మనిషి కాబట్టి తేడా వెంటనే తెలిసింది.

ఆ బండి ఆర్సీ 15 ఏళ్లకు, 2027లో అయిపోతుంది. ఫిట్‌నెస్ చేయించి ఇంకో అయిదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. లేదా దాన్ని అమ్మేసి మీ షోరూముకు రావచ్చు. రేణిగుంట రోడ్డులో ఒక షోరూము కుర్రాడు నెలకోసారి ఫోన్ చేసి, ఏం సార్ కొత్త స్విఫ్ట్ తీసుకుంటారా అని అడుగుతున్నాడు. ఏం చెప్పాలో తెలియక 2027 దాకా ఆగమన్నాను. మీ జవాబు అప్పటిలోగా వస్తే వాడికి చెప్తాను.

ఇట్లు,
గాంధీ రోడ్డు స్టేషనరీ షాపతను, మిగతా పది బండ్లవాళ్ల తరఫున
తిరుపతి